భుజంగరావు గారి రెండో తాళంచెవి

జీవితంలో ఒక్కసారైనా కారు తాళంచెవి పోగొట్టుకోని మగవాడికి లైసెన్సు ఇవ్వకూడదని ప్రభుత్వం వెంటనే చట్టం తేవాలి! నవ్వకండి. సంసారం చక్కబడాలన్నా, ఒంట్లో చక్కెర దిగాలన్నా, అపార్ట్‌మెంటులో పరపతి పెరగాలన్నా తాళంచెవి పోవడాన్ని మించిన మార్గం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. నమ్మకం కుదరకపోతే బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే భుజంగరావు గారి సంగతి వినండి.

అయితే ఏ తాళంచెవి పడితే అది పోతే లాభం లేదు. తొంభైల్లో ఆయనకొక పాత కారు ఉండేది. తలుపుకొక చెవి, ఇంజనుకొక చెవి, పెట్రోలు ట్యాంకు మూతకొక చెవి. గుత్తి మొలకు వేలాడదీసుకుని ఆయన నడిచొస్తుంటే గుడి తలుపులు తీయడానికి పూజారి వస్తున్నాడనుకునేవారు. అందులో ఏది పోయినా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అగర జంక్షన్లో గొడుగు కింద కూర్చునే నంజప్ప ఆకురాయితో నాలుగు గీతలు గీకి, కాఫీ చల్లారేలోపు కొత్తది చేతిలో పెట్టేవాడు. నంజప్ప లేని రోజున పక్కింటి స్కూటరు తాళం పెట్టి తిప్పినా తలుపు తెరుచుకునేది. అదీ కాకపోతే పిల్లల ప్లాస్టిక్ స్కేలు! అలాంటి తాళం పోతే ఏం గొప్ప? ఎవరొచ్చి పరామర్శిస్తారు?

రెండువేల ఆరు నాటికి రోజులు బాగుపడ్డాయి. భుజంగరావు గారు కొన్న కొత్త కారుకు చిప్పు తాళంచెవి వచ్చింది. నల్లటి ప్లాస్టిక్ తలకాయ, దాని మీద రెండు మీటలు, లోపలెక్కడో చిప్పు. ఆ చిప్పును గుర్తుపడితేనే కారు కదులుతుంది. మీట నొక్కితే ‘కుయ్’ మంటుంది. పొద్దున్నే బాల్కనీలో నిలబడి, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా, కిందున్న కారును కుయ్యిమనిపించి లోపలికి రావడం ఆయనకు సంధ్యావందనంలో భాగమైపోయింది.

కంపెనీ రెండు తాళంచెవులిచ్చింది. ఒకటి ఆయన జేబులో ఉండేది. రెండోది బీరువాలో పట్టుచీరల కింద ఉండేది. ఆ బీరువా తాళాలు ఆయన భార్య వరూధిని గారి కొంగున ఉండేవి.

వరూధిని గారు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. రోజూ తెల్లారకముందే లేచి, వంట చేసి, రెండు బస్సులు మారి వెళ్ళేవారు. డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుని రెండేళ్ళయింది. కారు అడిగినప్పుడల్లా ఆయన కాదనలేదు, పాపం! “మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ చూశావా?” అన్నారు. “క్లచ్ కొత్తది, కాస్త అలవాటు పడనీ” అన్నారు. “ఆషాఢం వెళ్ళనీ” అన్నారు. ఆయన ఆఫీసు మాత్రం అదే లేఅవుట్‌లో, నడిస్తే చెమట పట్టేలోపు చేరే దూరంలో ఉంది. కారు పొద్దున అక్కడికి వెళ్ళి, సాయంత్రం దాకా చెట్టు కింద నిద్రపోయి, కాకుల ఆశీర్వాదాలు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేది. బీరువా తీసి తాళం తీసుకోవడం ఆవిడకు క్షణంలో పని. కానీ అడిగితే ఇవ్వని దాన్ని అడక్కుండా తీసుకోవడం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆ రోజు సైకిలు మొదలుకుని బస్సు దాకా పూలదండ వేసుకోని బండి ఉండదు. భుజంగరావు గారు కారుకు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆ తర్వాత పాత కారు రోజుల నుంచి వస్తున్న ఆచారం ప్రకారం తాళంచెవికి పాలతో, పసుపు నీళ్ళతో అభిషేకం చేశారు. కొత్త కారు కదా అని రెండు చెంబులు ఎక్కువే పోశారు!

మీట నొక్కితే ‘కుయ్’ లేదు. కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవరుతో తాళంచెవి తలకాయ విప్పి, చేతికందిన పళ్ళెంలో బోర్లించి దులిపి, ఉత్తరీయంతో తుడిచి, మళ్ళీ మూసేశారు. అది అక్షింతల పళ్ళెం. ఆ వెంటనే అపార్ట్‌మెంటు వాళ్ళంతా కిందికొస్తే, అందరి నెత్తినా గుప్పెళ్ళతో అక్షింతలు చల్లారు.

తర్వాత కారెక్కి తాళం తిప్పారు. కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. ఎదురుగా ఎర్ర దీపం మినుకు మినుకుమంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ మూలిగింది. గుమ్మడికాయ పగలగొట్టి సిద్ధంగా ఉన్న వాచ్‌మన్ ఓబులేసు వంగి చూశాడు.

“సార్, నిమ్మకాయలు అట్లనే ఉండాయి. దిష్టి శానా గట్టిగా ఉండాది. ఇంకో గుమ్మడికాయ కొట్టేదా?”

నంజప్పకు కబురు వెళ్ళింది. అతను తాళం విప్పి, ఖాళీగా ఉన్న గుంట చూపించాడు. “దీంట్లో చిప్పే లేదప్పా! బియ్యం గింజంత ఉంటాది. నేను తాళం కోసిస్తే తలుపు తీస్తాది సార్. బండి స్టార్ట్ అయ్యేకి చిప్పు ఉండల్ల కదా!”

అందరూ అక్షింతల పళ్ళెం వంక చూశారు. పళ్ళెం ఖాళీ. ఆ పైన ఒకరినొకరు చూసుకున్నారు. రెండో అంతస్తు శామ్యూల్ గారు పేలు చూపించుకునేవాడిలా తల వంచి, “చూసుకోండి రావుగారూ, నా నెత్తిన పడి ఉంటే రేపటి నుంచి ఆఫీసుకు పెట్రోలు పోసి నన్నే తోలుకెళ్ళండి” అన్నారు. ఏ నెత్తిన పడిందో, ఎవరు దులుపుకుని తలంటు పోసుకున్నారో, ఆ చిప్పు దొరకలేదు.

చూశారా లాభం? నిన్నటిదాకా లిఫ్టులో తల తిప్పుకునే వాళ్ళు ఆ రోజు ఇంటికొచ్చి మరీ పరామర్శించారు! సర్వీస్ సెంటర్లో ఏసీ గదిలో సోఫా, ఊరికే కాఫీ. కారు కాగితాలు, ఇన్సూరెన్సు, పోలీసు కంప్లయింటు, భుజంగరావు గారే భుజంగరావు గారనడానికి ఫొటోతో ఋజువు అడిగారు. పెళ్ళప్పుడు మామగారు కూడా అన్ని అడగలేదు. కొత్త తాళంచెవి సముద్రాలు దాటి నెలన్నరకు వస్తుందన్నారు. మీకోసం పరాయి దేశంలో ఫ్యాక్టరీ నడవడం మాటలా?

“అంతదాకా రెండో కీ వాడుకోండి సార్. అది కూడా పోతే మాత్రం కారు కంప్యూటరే మార్చాలి” అన్నాడు అక్కడి కుర్రాడు.

భుజంగరావు గారు ఇంటికొచ్చి చెయ్యి చాపారు. వరూధిని గారు బీరువా తీశారు. చీరల కింద నుంచి కంపెనీ అట్టముక్క కూడా ఊడదీయని తాళంచెవి పైకి తీశారు. కానీ ఇవ్వలేదు.

“కంపెనీవాళ్ళు ఏమన్నారండీ?”

“ఇదొక్కటే మిగిలింది, జాగ్రత్తగా పెట్టుకోమన్నారు.”

“అయితే ఎవరి దగ్గరుంటే జాగ్రత్తంటారు?”

ఆవిడ గొంతులో వెటకారం లేదు. ఉంటే ఆయన కోప్పడి గట్టెక్కేవారు. ఆయన చాపిన చేతి గోళ్ళలో అభిషేకం పసుపు ఇంకా ఉంది. ఆ చేతిని ఆయన మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

మర్నాటి నుంచి కారు బ్రూక్‌ఫీల్డ్ వెళ్ళింది. మొదటి రోజు ఆయన ఎడమ సీట్లో తోడు కూర్చుని, లేని బ్రేకును దారి పొడవునా తొక్కి కాలు వాచేలా చేసుకున్నారు. ఆవిడ మారతహళ్ళి బ్రిడ్జిని మామూలుగా దాటేశారు. ఆ బ్రిడ్జి ఏమీ అనలేదు! ఆయన ఆఫీసుకు నడవడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి చక్కెర దిగిందని డాక్టరు మెచ్చుకున్నారు. వరూధిని గారు వెలుతురుండగానే ఇంటికొస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో తాగినట్టు ఇద్దరూ కూర్చుని సాయంత్రం కాఫీ తాగుతున్నారు. ఇవన్నీ ఒక బియ్యపు గింజంత వస్తువు పోగొట్టుకున్నందుకే సుమండీ!

నెలన్నరకు కొత్త తాళంచెవి వచ్చింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, “వచ్చేసింది!” అన్నారు.

వరూధిని గారు దాన్ని చూశారు. బ్యాగులోంచి తన తాళంచెవి తీసి దాని పక్కన పెట్టారు. అదే బ్యాగు అడుగున వెతికి, మడతలు పడ్డ బస్ పాసు తీసి, గడువుందో లేదోనని వెలుతురుకు పట్టి చూసుకున్నారు.

భుజంగరావు గారికి సిగ్గేసింది. కానీ మగవాడు కదా, సిగ్గేసిందని నోటితో చెప్పడం ఎలా?

“ఈ కొత్త తాళం మీద నాకు నమ్మకం లేదు” అన్నారు గంభీరంగా. “నీ దగ్గరున్నదే సరిగ్గా పనిచేస్తోంది. కొన్నాళ్ళు నువ్వే నడుపు, చూద్దాం.”

“ఎన్నాళ్ళు చూద్దామండీ?”

“ముందే ఎలా చెప్తాం? టెక్నాలజీ కదా!”

ఆవిడ నవ్వి తాళంచెవి బ్యాగులో వేసుకున్నారు. ఆ పరీక్ష ఇప్పటికీ పూర్తి కాలేదు.

దొంగ కారు నడపకుండా ఆపడానికి ఎంతో చదువుకున్న వాళ్ళు చిప్పు కనిపెట్టారు. లైసెన్సున్న ఇల్లాలిని రెండేళ్ళు ఆపడానికి మాత్రం ఏ చిప్పూ అవసరం లేకపోయింది, ట్రాఫిక్ చూశావా అన్న ప్రశ్న సరిపోయింది. కాబట్టి కారున్న మగమహారాజులారా, మీ తాళంచెవి ఎలాగైనా పోగొట్టుకోండి! అంత తెగువ లేని వాళ్ళకు ఇంకో తేలిక మార్గం కూడా ఉంది. పోలీసు కంప్లయింటు అక్కర్లేదు, సముద్రాలు దాటనక్కర్లేదు. బీరువాలో ఉన్న రెండో తాళంచెవిని ఈ సాయంత్రమే ఆవిడ చేతిలో పెట్టేయండి. ఈ మాట మా లేఅవుట్‌లో చాలామందికి చెప్పి చూశాం. వాళ్ళంతా బాగా ఆలోచించి, పోగొట్టుకోవడమే సులువన్నారు.