గంటల లెక్కన ప్రజలు

పెన్షన్ల మంత్రిగారు ఆ సోమవారం చేసిన ప్రకటన చరిత్రలో నిలిచిపోతుంది. టైపు చేసింది నేనే కాబట్టి పొల్లు పోకుండా చెప్పగలను. "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన ప్రజలు క్యూలో నిలబడరు. ఇంట్లో కూర్చుని ఒక్క మీట నొక్కితే చాలు, తాము బతికే ఉన్నామని ప్రభుత్వానికి తెలిసిపోతుంది."

అంతటి సాఫ్ట్‌వేర్‌ని జనం మీదికి వదిలే ముందు పరీక్షించాలి కదా. అందుకోసం ఒకావిడను పిలిపించారు. మేమంతా టెస్టరమ్మ అనేవాళ్ళం. మా ఆఫీసులో ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. నా దాంట్లో 'క' పడదు.

"ఇవి చాలవండీ," అంది టెస్టరమ్మ. "ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు తీసుకుందాం. వాటిలోంచి పదివేలమంది ఉత్తుత్తి మనుషులు ఒక్కసారే మీట నొక్కుతారు. మనది తట్టుకుంటుందో లేదో తేలిపోతుంది. గంట కాగానే వాళ్ళు చెరిగిపోతారు. మూడు గంటలు చాలు."

మా డైరెక్టరుగారు వెంటనే ఒప్పుకున్నారు. కాకపోతే ప్రారంభోత్సవం లేకుండా పరీక్ష ఏమిటన్నారు.

మంత్రిగారు వచ్చారు. "కంప్యూటర్లేవయ్యా?"

"ఇక్కడుండవు సార్."

"మరి రిబ్బన్ దేనికి కట్టారు?"

డైరెక్టరుగారు ముందుచూపున్న మనిషి. టెస్టరమ్మ కుర్చీకి కట్టించారు. ఆవిడ అందులో కూర్చునే ఉంది. మంత్రిగారు జాగ్రత్తగా కత్తిరించి, కాలం విలువ గురించి యాభై ఎనిమిది నిమిషాలు మాట్లాడారు. ఆ పాటికి మొదటి గంట అద్దె పూర్తయింది.

రెండో గంటలో పదివేలమందీ మీట నొక్కారు. నాలుగు వందల మంది దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత తెరంతా ఎర్రబడింది.

"ఏమిటమ్మా ఆ ఎరుపు?" అన్నారు మంత్రిగారు.

"పడిపోయింది సార్. ఒక్కసారే ఇంతమంది వస్తే తట్టుకోలేదు. బాగుచెయ్యడానికి నెల పడుతుంది."

డైరెక్టరుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదమ్మా. నీ మనుషులకు తొందరెక్కువ. ఒకరి తర్వాత ఒకరిని మర్యాదగా రమ్మను."

"నిజం జనం అలా రారు కదండీ?"

"మన ప్రజల క్రమశిక్షణనే శంకిస్తున్నావా?"

మూడో గంటలో పదివేలమందీ ఒక్కొక్కరుగా వచ్చారు. ఒక్కడూ పేరు తప్పు రాయలేదు, కళ్ళజోడు మరిచిపోలేదు, రెండోసారి అడగలేదు. తెర పచ్చగా వెలిగింది. మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత మంచి ప్రజలను నేనూ ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం టెస్టరమ్మ, నెల రోజులు వాయిదా వెయ్యండని ఒక నోట్ రాసింది. అదీ నేనే టైపు చేశాను. డైరెక్టరుగారు దాని మీద "చూశాను" అని రాసి, చూడకుండా పంపేశారు.

ఒకటో తారీఖు వచ్చింది. పెన్షన్ కౌంటరు మూసేసి, అక్కడ మంత్రిగారి నిలువెత్తు ఫొటో పెట్టారు. పది గంటలకు ఊళ్ళో ఉన్న పెన్షనుదార్లంతా మీట నొక్కారు. పది గంటల ఐదు నిమిషాలకు మా పెద్దమ్మ ఫోను పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. పెదనాన్న పోయాక ఆమెకు ఆ పెన్షనే ఆధారం. మందులూ అందులోంచే, ఇంటద్దె కూడా అందులోంచే.

"ఒరేయ్, ఇదేదో అంటోంది, చదివి పెట్టు."

చదివాను. 'మీరు ప్రస్తుతం లేరు. కాసేపాగి ప్రయత్నించండి.'

"కాసేపటికి ఉంటానంటావా?" అంది పెద్దమ్మ.

నవ్వబోయి, ఆమె నిజంగానే అడుగుతోందని చూసి మానేశాను. పదకొండయ్యేసరికి అలా లేనివాళ్ళు వరండా నిండా ఉన్నారు, మెట్ల మీద ఉన్నారు, రోడ్డు దాకా ఉన్నారు. డైరెక్టరుగారు లోపల గడియ పెట్టుకుని నివేదిక చెప్పారు, నేను టైపు చేశాను: సాఫ్ట్‌వేర్ పరీక్షలో నెగ్గింది, జనం తప్పారు.

టెస్టరమ్మ మాత్రం ఎవరినీ అడగలేదు. ఒక బల్ల వరండాలోకి ఈడ్చుకుని, తెల్లకాగితాల కట్ట ముందేసుకుని, ఒక్కొక్కరి పేరు రాయడం మొదలుపెట్టింది. ఈ మనిషి నా ఎదురుగా బతికే ఉన్నాడని కింద సంతకం పెడుతోంది. కాసేపు తలుపు సందులోంచి చూశాను. తర్వాత కుర్చీ తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. పెద్దమ్మది పదిహేడో పేరు.

మధ్యాహ్నం మంత్రిగారు వచ్చారు. కారు దిగగానే జనం చుట్టుముట్టారు. ఒక ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని, "నేను లేనంటున్నారు బాబూ, ఓసారి తాకి చూడండి," అన్నాడు. మంత్రిగారు తాకి చూశారు. చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, టెస్టరమ్మను పిలిపించారు. బయట పెద్దమ్మ తన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

ఇప్పుడైనా నెల రోజులు ఇస్తారేమోనని టెస్టరమ్మ ఆశగా వెళ్ళింది. వెనక నేనూ వెళ్ళాను.

మంత్రిగారు గొంతు తగ్గించారు. "అమ్మా, ఆ పదివేలమంది ఏ నియోజకవర్గం?"

"వాళ్ళు నిజం మనుషులు కాదు సార్. గంట కాగానే చెరిగిపోతారు."

మంత్రిగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఓటేశాకే కదా?"