పుల్లయ్య గారి ప్రాణభయం

ప్రాణభయమన్నది ఎవడు పడితే వాడు పడడానికి వీల్లేదు. దానికి సర్కారువారి ధ్రువీకరణ ఉండాలి. ఈ సంగతి తాలూకా కచేరీ మెట్లెక్కేదాకా పుల్లయ్యకు తెలియదు.

ఆయనకు తుపాకీ మీద మనసు పోయింది మాచర్లలో ఒక పెళ్లి పంక్తిలో. ఎవరో పెద్దమనిషి పక్కన తుపాకీ పెట్టుకుని కూర్చుంటే, నెయ్యి గిన్నె ఆయన దగ్గరే మూడుసార్లు వంగింది. పుల్లయ్య విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. (ఆత్మరక్షణ అవసరం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలిసొస్తుంది.)

"మీకు శత్రువులెవరు?" అని అడిగాడు తుపాకీ లైసెన్సుల గుమాస్తా సుభానీ.

"ఎవరూ లేరయ్యా."

"పల్నాడులో పుట్టి ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చిందండీ? శత్రువు సంతకం పట్టుకురండి. అది లేని అర్జీ చెల్లదు."

ఊరంతా గాలించినా తగిన శత్రువు దొరకలేదు. చివరికి పక్కింటి మస్తాన్‌రావే దిక్కయ్యాడు. రెండిళ్ల దొడ్లకీ మధ్య గోడలో ఒక దిడ్డి తలుపుంది. పొద్దున గోంగూర పచ్చడి అటు వెళితే, సాయంత్రం అదే గిన్నెలో మజ్జిగ ఇటు వచ్చేది. ఆ తలుపుకు గడియ ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు.

"బావా, నన్ను సంపాలని ఉందని ఒక్క సంతకం పెట్టు."

"దానికేం బావా, నీకంటే ఎక్కువా? చానా గట్టిగా రాయించు, మళ్లీ తిప్పి పంపుతారు."

తుపాకీ వచ్చింది. సుభానీ కర్తవ్యపరుడు కాబట్టి వెంటనే మస్తాన్‌రావుకూ కబురంపాడు: సాయుధుడైన శత్రువు పక్కింట్లోనే ఉన్నందున తమకు కూడా అర్హత ఏర్పడిందని. ఆ అర్జీకి శత్రువుగా పుల్లయ్య సంతకం చేశాడు. (మర్యాదకు మర్యాద.)

ఒకనాడు పుల్లయ్య తుపాకీ తుడుచుకుంటుంటే దాని మూతి దిడ్డి వైపుంది. అది మస్తాన్‌రావు చూశాడు. మర్నాడు ఆయనా తుడుచుకున్నాడు. తలుపుకు గడియ ఉన్న సంగతి అప్పుడు రెండు వైపులా గుర్తొచ్చింది.

"ఏందయ్యా ఇది? నెయ్యి కోసం పోయి మజ్జిగ కూడా పోగొట్టుకుంటివి!" అంది భార్య మల్లీశ్వరి, ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని.

"నీకు తెలవదే. వాడు నన్ను సంపుతానని సంతకం పెట్టినోడు!"

అన్నాడే గాని, మస్తాన్‌రావు లేని సాయంత్రాలు ఆయనకు ఉప్పు లేని కూరలా ఉన్నాయి.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. నిజంగా తలలు పగిలే కాలం కాబట్టి తుపాకులన్నీ స్టేషనులో అప్పగించమన్నారు. (ఆత్మరక్షణ మిగతా రోజులకు.) బజార్లో కర్రలు లేస్తున్నా ఆ కొద్దిరోజులూ దిడ్డి తెరిచే ఉంది. గిన్నె మళ్లీ నడిచింది, పుల్లయ్యకు కంటినిండా నిద్ర పట్టింది. ఓట్లు లెక్కపెట్టాక తుపాకులు తిరిగొచ్చాయి. గడియలూ పడ్డాయి.

ఏడాది తిరిగేసరికి లైసెన్సు మళ్లీ రాయించుకోవడానికి పుల్లయ్య కచేరీకి వెళ్లాడు.

"ప్రాణభయం ఇంకా ఉన్నట్టేనా? తగ్గితే తుపాకీ వాపసు చెయ్యాలి మరి," అన్నాడు సుభానీ.

పుల్లయ్య ఒకసారి వెనక్కి తిరిగి, మస్తాన్‌రావు గాని వచ్చాడేమోనని గుమ్మం వైపు చూసి, ఆ తర్వాత "ఉందయ్యా" అన్నాడు.

ఈసారి శత్రువు సంతకం అడక్కుండానే సుభానీ ముద్ర వేసేశాడు.