ఏలూరు మీదుగా విమానం

తాడేపల్లిగూడెంలో వాచీలు బాగుచేసే అమీర్ ఆ జనవరి ఉదయం ఏలూరు వెళ్లాలి. పదకొండింటికి చెల్లెలు అమీనా కూతురు ముస్కాన్ నిశ్చితార్థం. అబ్బాయి వేలికి తొడిగే ఉంగరం మేనమామ తేవడం వాళ్ల ఆనవాయితీ. పదకొండు దాటితే సంబంధం వద్దని లేచి వెళ్లిపోతామని అబ్బాయి పెదనాన్న వసీమ్ రాజమండ్రి నుంచి ముందే కబురు పెట్టారు. ముస్కాన్‌కు ఆ అబ్బాయంటే ప్రాణం.

"రైలెక్కితే ముప్పావుగంటండీ" అంది భార్య నిలోఫర్.

"విమానంలో అరగంటే. రాజమండ్రి నుంచి గన్నవరానికి నూట ఇరవయ్యారు కిలోమీటర్లు!"

"మనం ఉన్నది రాజమండ్రీ కాదు, వెళ్లేది గన్నవరమూ కాదు కదండీ!"

పాపం, జన్మంతా సెకన్ల ముల్లు చూస్తూ బతికిన మనిషి. ఒక్కసారి విమానం ఎక్కాలనుకోవడం తప్పు కాదు, ఆ రోజే ఎక్కాలనుకోవడం తప్పు. ఉంగరం జేబులో వేసుకుని ఆయన వెనక్కి రాజమండ్రి బస్సెక్కాడు. నిలోఫర్ రైల్లో తొమ్మిదికల్లా ఏలూరు చేరింది.

పదింటికి ఏలూరు మీదుగా విమానం వెళ్లింది. అమీనా డాబా ఎక్కి చెయ్యి ఊపింది.

"అదుగో మా అన్నయ్య! బిరియానీ మూత తియ్యండి, వచ్చేశాడు!"

మూత తీశారు. గన్నవరం ఇంకా నలభై కిలోమీటర్లుందని ఎవరికీ తట్టలేదు. అక్కడేమో కొల్లేటి వైపు నుంచి మంచు కమ్మేసి రన్‌వే కనబడలేదు. విమానం మూడు చుట్లు కొట్టి వెనుదిరిగింది. పదిన్నర దాటాక మళ్లీ అదే మోత.

"వదినా, అన్నయ్య వెనక్కి పోతున్నాడేంటి?"

చేతికి వాచీ ఉన్నా అమీర్‌కు సెల్‌ఫోన్ లేదు. పదకొండయింది. "మా అన్నయ్య పక్కవీధిలోనే ఉన్నారండీ" అని బొంకింది అమీనా. విచిత్రంగా మగపెళ్లివారు కోప్పడలేదు.

"తొందరేం లేదండీ. మా పెద్దాయన కూడా భీమడోలు దాటారు" అన్నారు నేలచూపులు చూస్తూ.

పన్నెండయింది, ఒంటిగంటయింది. బిరియానీ చల్లారిపోయింది. ముస్కాన్ గదిలో ఏడుస్తూ కూర్చుంది.

రెండు కావస్తుండగా ఒకే టాక్సీలోంచి అమీర్, వసీమ్ దిగారు.

విమానంలో వాళ్లవి పక్కపక్క సీట్లే, ఒకరినొకరు ఎరగరు. తిరిగి రాజమండ్రిలో దిగాక పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"పదకొండు దాటితే సంబంధం వద్దన్నది నేనే బాబూ. ఇంటిల్లిపాదినీ వ్యానెక్కించి, అరగంటే కదా అని నేను విమానమెక్కాను. ఇప్పుడు ఏలూరులో ముస్కాన్ వాళ్లింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

అమీర్ జేబులోంచి ఉంగరం తీసి చూపించాడు.

"నేను ఆ పిల్ల మేనమామనండీ. నాదీ అదే మొహం. పదండి, కలిసే వెళదాం."

ఏలూరులో వసీమ్ ఎవరినీ నోరెత్తనివ్వలేదు. "ముందు పిల్లను పిలవండి" అన్నారు. ఉంగరం తొడిగారు. ముస్కాన్ నవ్వింది.

ఆనాటి ఆలస్యం ఊసు ఇప్పటికీ రెండిళ్లలోనూ ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ పెద్దమనుషులిద్దరూ విమానం ఎంత వేగంగా పోతుందో చెప్పడం మొదలుపెడతారు.