స్తంభం లేని భవనం

ఇటుక, ఇసుక, సిమెంటు పాతకాలపు అలవాట్లని, వాటి నుంచి జాతిని విముక్తం చేసి తీరతామని విద్యాశాఖ మంత్రిగారు యూనివర్సిటీ ఆడిటోరియంలో ప్రకటించారు. హాలు హాలంతా చప్పట్లు. చివరి వరుసలో ఉన్న కొలతల రాణి కూడా కొట్టింది. కొట్టాక, తను తాపీమేస్త్రి కూతురినని గుర్తొచ్చి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కంప్యూటర్లో భవనాలు డిజైన్ చేసే కోర్సులో ఆమెది చివరి ఏడాది. కూర్చునే ముందు కుర్చీ ఎత్తు చూసుకునే రకం కాబట్టి క్లాసులో ఆ పేరు పడింది. తమ డిపార్ట్‌మెంటుకే కొత్త భవనం, అదీ ఆమె ఫైనల్ ప్రాజెక్టు. నాలుగు నెలలు చెయ్యి పడిపోయేలా మౌస్ తిప్పి మూడంతస్తులు లేపింది, కంప్యూటర్లోనే. మంత్రిగారికి చూపించడానికి దాన్నే ఎంపిక చేశారు.

మంత్రిగారు దూరదృష్టి గలవారు. అయినా కళ్లజోడు పెట్టుకోవడానికి వెనకాడలేదు. కంప్యూటర్లోని బొమ్మను కళ్లముందు నిలబెట్టే ఆ పెద్ద జోడు తగిలించుకుంటే భవనంలో నిజంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆయన ఖాళీ గదిలో పదడుగులు నడిచి ఠక్కున ఆగారు.

"హాలు మధ్యలో ఈ స్తంభమేంటమ్మా? గోడ మీద నా ఫొటోకి అడ్డొస్తోంది."

"పై అంతస్తుల బరువంతా దాని మీదే ఉంది సార్."

"తీసేస్తే కంప్యూటర్లో కూలుతుందా?"

"కంప్యూటర్లో కూలదు సార్, కానీ..."

"మరింకేం!"

హెడ్డుగారు ఆమెను కారిడార్‌లోకి లాక్కెళ్లి, "ఒక్క స్తంభం కోసం డిపార్ట్‌మెంటు మూయించకమ్మా" అని బతిమాలారు.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పింది. చేతులకంటిన సిమెంటు కడుక్కుంటూ విన్నాడు.

"మరి పైనున్న బరువు ఎవరు మోస్తారట? ఆయనా?"

"నా మార్కులు వాళ్ల చేతుల్లో ఉన్నాయి నాన్నా."

నాన్న గోళ్ల సందుల్లోని సిమెంటు కూడా రుద్ది రుద్ది కడుక్కున్నాడు. మర్నాడు స్తంభం తీసేసింది.

వారం తిరక్కుండా మంత్రిగారు జోడు పెట్టుకుని, గాల్లో కత్తెర ఆడించి భవనాన్ని ప్రారంభించారు. కొత్త భవనం వచ్చేసింది కాబట్టి పాత గదుల్లో రిజిస్ట్రారుగారి ఫైళ్లు సర్దేశారు. విద్యార్థులు మైదానం పక్క ఖాళీ స్థలంలో నిలబడి, ఉన్న నాలుగు జోళ్లూ వంతులవారీగా పెట్టుకుని పాఠాలు విన్నారు. మూడో అంతస్తు క్లాసువాళ్లు కూడా కిందే నిలబడ్డారు.

కూతురి భవనం చూద్దామని వచ్చిన నాన్న ఎండలో రెండు చుట్లు తిరిగి, "ఎటమ్మా?" అన్నాడు.

"నువ్వు నిలబడింది హాల్లోనే నాన్నా."

నాన్న గబుక్కున చెప్పులకంటిన మట్టి దులుపుకున్నాడు.

ఫైనల్ పరీక్ష వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొహమాటం తెలియని మనిషి. డిజైన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ స్తంభం లేదు. ఈ భవనం నిలవదు. ఫెయిల్" అన్నారు.

"నేను పెట్టాను సార్. మంత్రిగారు తీయించారు."

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా?"

హెడ్డుగారు కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. రాణి కాగితం తీసుకుంది. రాసిచ్చింది, తేదీ వేసి మరీ.

ఆ కాగితం మూడు టేబుళ్లు దాటి పైకి చేరేసరికి అందులో మంత్రిగారు ఎక్కడో జారిపోయారు. 'భవనం ప్రమాదకరం' అన్న రెండు ముక్కలే మిగిలాయి. విద్యార్థుల ప్రాణాలంటే మంత్రిగారికి ప్రాణం. గంటలో ఖాళీ స్థలం చుట్టూ తాడు కట్టించారు. ఎవరూ లోపలికి వెళ్లకుండా వాచ్‌మన్‌ని పెట్టించి, కూల్చివేతకు ఆదేశించారు. ఫైలు ఆమెదే కాబట్టి మీట నొక్కే గౌరవం రాణికే దక్కింది.

"నొక్కు తల్లీ, పాస్ చేయించే పూచీ నాది" అని హెడ్డుగారు చెవిలో ఊదారు.

కూల్చే రోజు తాడు పక్కనే బల్లేసి కంప్యూటర్ పెట్టారు. "వెనక్కి, వెనక్కి! దుమ్ము లేస్తుంది!" అని ఇంజినీరు అరిచాడు. జనం ఒకరినొకరు తోసుకుంటూ ఇరవై అడుగులు వెనక్కి తగ్గారు. రాణి నొక్కింది. తెర తెల్లబడింది.

మంత్రిగారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గారు. వెంటనే రిజిస్ట్రారుగారు దగ్గారు, హెడ్డుగారు దగ్గారు, ఫొటోగ్రాఫరు కెమెరా వదిలేసి మరీ దగ్గాడు.

రాణి గుంపులో నాన్న కోసం వెతికింది. ముప్పై ఏళ్లుగా సిమెంటు దుమ్ములో బతికిన ఆ మనిషి చిట్టచివర నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు చుట్టుకుంటున్నాడు.