వగీహా ఆగలేదు

ఆ రోజు పొద్దున వగీహా ఒక్కటే అనుకుంది: సముద్రపు ఒడ్డు వెంట కోట దాకా ఆగకుండా నడవాలి. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి మోకాళ్లు పట్టేశాయి. నలభై నిమిషాలు నడవాలి, మధ్యలో ఆగితే లాభం లేదు అన్నాడు డాక్టరు. కొలత తప్పని దర్జీ కాబట్టి ఆ మాటని ఆమె అక్షరాలా పట్టుకుంది.

ఆమె ఉండే మన్షియా సందులో మగవాళ్లు పగలంతా టీకొట్లో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. పని లేకుండా నడిచేవాళ్లు మాత్రం లేరు. నడిస్తే బజారుకి, లేదా ఆస్పత్రికి, అదీ కాకపోతే చావింటికి. రొట్టెల బయూమి కొట్టు ముందు నిలబడి, "ఎక్కడికి వగీహా అక్కా, పొద్దున్నే?" అన్నాడు. మామూలుగా అయితే అతని భార్య నడుంనొప్పి దగ్గర్నుంచి మేనల్లుడి పరీక్షల దాకా కనుక్కుంటే గాని ఆమె కదలదు. ఈసారి చెయ్యి ఊపి సాగిపోయింది. పైగా గడియారం చూసుకుంది.

బయూమికి అనుమానం వచ్చింది. వగీహా కూతురికి నెలలు నిండాయి. అత్తవారిల్లు కోట పక్కనే. నొప్పులొచ్చాయి కాబోలని పైవాటా నగాత్‌కి చెప్పాడు. ఆమె శాలువా కప్పుకుని పరుగెత్తింది. పెళ్లిళ్లకీ చావులకీ కుర్చీలు అద్దెకిచ్చే షాబాన్ దాకా వెళ్లేసరికి కబురు పురుటి నుంచి చావుకి మారింది. ఎవరని అడగడం మర్యాద కాదని అతను ముప్పై కుర్చీలు బండికెత్తాడు.

వెనక అడుగుల చప్పుడు విని వగీహా తిరిగి చూసింది. సగం సందు తన వెనకే వస్తోంది. ఆపి కబుర్లు పెడతారని భయపడి వేగం పెంచింది. అది చూసి నగాత్ ఏడుపు పెంచింది.

కోట దగ్గర, సరిగ్గా నలభయ్యో నిమిషాన, వగీహా ఆగింది. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడైన బయూమి గోడ పట్టుకుని ఒగర్చాడు.

"ఎవరు పోయారక్కా?"

"ఎవరూ పోలేదు. నడుస్తున్నాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. నా మోకాళ్ల కోసం."

వగీహా మొహం ఎర్రబడింది. భర్త పోయాక తన కోసమని ఆమె చేసిన మొదటి పని ఇది. దానికి ఊరంతా సాక్ష్యానికి వచ్చినట్టయింది. చివాట్లకి సిద్ధపడి తల దించుకుంది.

నగాత్ కళ్లు తుడుచుకుంది. "ఇంత దూరం ఏడుస్తూ వచ్చాను. ఒక్కచోటైనా ఆగావా? ఈ వయసులో ఆ కాళ్లెక్కడివే నీకు? రేపు నన్నూ లేపు."

ఎలాగూ బండిలో తెచ్చేశానని షాబాన్ కుర్చీలు సముద్రం వైపు వేశాడు. అందరూ కూలబడ్డారు. ఇంటికి రెండు సందుల అవతలే ఉన్న సముద్రాన్ని తీరిగ్గా చూసి ఆరేళ్లయిందని బయూమి మెల్లిగా ఒప్పుకున్నాడు. వగీహాని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇంతమంది ఎందుకు గుమిగూడారని ఒక పోలీసు వచ్చి అడిగాడు. ఊరికే కూర్చున్నామని చెప్పారు. అతను మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అదే జవాబు. చివరికి, ఇంకో కుర్చీ ఉందా అన్నాడు.