గుమ్మడికాయ చెప్పిన వేగం

ఆ ఉదయం చద్దన్నం తింటూనే చెంచురామయ్య గాలి తుపాకీని అమ్మేస్తున్నట్టు చెప్పాడు. తోటపల్లి గూడూరులో అతని ఇంట్లో దాన్ని వాడేవాళ్లు ఎవరూ లేరు. అది భార్య ఆదిశేషమ్మ తమ్ముడు రంగనాయకులుది. ఓడల్లో పనికని కలకత్తా పోతూ, "నేనొచ్చేదాకా చూసుకో అక్కా" అని ఇచ్చిపోయాడు. తర్వాత మనిషీ రాలేదు, ఉత్తరమూ రాలేదు. ఆమె మాత్రం ప్రతి శుక్రవారం దానికి కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ అటక మీద పెడుతూ ఉంది.

"వాడొచ్చి అడిగితే ఏం చెప్పేది?" అంది ఆదిశేషమ్మ.

"వచ్చినప్పుడు గదా! కొడవలూరు నుంచి పద్మనాభయ్య వస్తా ఉండాడు. నూరు రూపాయలు చెప్పినా. గమ్మునుండు."

పద్మనాభయ్యకు జామతోట ఉంది, చిలకల బెడద ఉంది, అనుమానం అంతకన్నా ఎక్కువ ఉంది. అందుకని బడిలో సైన్సు చెప్పి రిటైరైన కామాక్షయ్యను వెంటబెట్టుకొని వచ్చాడు.

కామాక్షయ్య తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత సరుకు. గుండు ఎంత వేగంగా పోతుందో తేలితే గానీ ధర తేలదు."

"వేగం కంటికి కనపడతాదా అయ్యవారూ?" అన్నాడు చెంచురామయ్య.

"కనపడదు. బరువైనదేదైనా వేలాడదీసి కాలిస్తే, అది ఎంత వెనక్కి పోయిందో చూసి లెక్క కట్టొచ్చు."

ఆ ఇంట్లో బరువుగా వేలాడేది ఒక్కటే. వసారా చూరుకు కట్టిన దిష్టి గుమ్మడికాయ.

"అమావాస్యకు కట్టినాను. దాన్ని కాలుస్తారా?" అంది ఆదిశేషమ్మ.

"ఊళ్లో వాళ్ల దిష్టంతా దానికి తగల్తానే ఉండాది. ఒక గుండు తగిల్తే ఏం?" అన్నాడు మొగుడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. ఆ వేళకు సముద్రం గాలి లేవడం ఆ ఊళ్లో మామూలే గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పద్మనాభయ్య కాల్చాడు. టప్పుమంది. కాయ రెండంగుళాలు వెనక్కి పోయింది. కామాక్షయ్య మూడు వీశెల కాయ, మూడడుగుల తాడు, చిటికెడంత గుండు అనుకుంటూ గచ్చు మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. తుడిచి మళ్లీ వేశాడు. ఆయనకు చెమట పట్టింది.

"సెకనుకు నాలుగు వేల అడుగులు."

"అంటే మంచిదేనా?" అన్నాడు చెంచురామయ్య.

"మంచిదా! సిపాయి చేతిలో రైఫిలుకే రెండున్నర వేలు దాటదు."

చెంచురామయ్య కండువా సర్దుకున్నాడు. "అట్లయితే రెండు నూర్లు."

పద్మనాభయ్య తుపాకీని పసిబిడ్డను దించినట్టు అరుగు మీద పెట్టాడు. "నాకొద్దు సామీ. చిలకను కొడితే పక్కూళ్లో మనిషికి తగిలేట్టుండాది. దీనికి లైసెన్సు ఉండాదా?"

"గాలి తుపాకీకి లైసెన్సు ఎందుకు?"

"ఇంక ఇది గాలి తుపాకీ ఎట్టయితాది? అయ్యవారు చెప్తా ఉండారు గదా!"

"లెక్క ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే" అన్నాడు కామాక్షయ్య.

చెంచురామయ్య తలెత్తి అటక వైపు చూశాడు. ఇన్నేళ్లూ తాను పడుకున్నది లైసెన్సు లేని రైఫిలు కింద! అంతలో వీధిలో సైకిలు గంట మోగింది. పోలీసేమోనని ముగ్గురూ ఒక్కసారిగా తుపాకీ మీద కూర్చున్నారు. పోయింది పోస్టుమాను. ఆ ఇంటికి ఉత్తరమేమీ లేదు.

"ఏమే, గోనెసంచి తే! కాలవలో పారేసొస్తా" అన్నాడు చెంచురామయ్య.

ఆదిశేషమ్మ కదల్లేదు. చాలాసేపటి నుంచి ఆమె ఒకటి గమనిస్తూ ఉంది. చెబితే తుపాకీ కొడవలూరు పోతుంది. చెప్పకపోతే కాలవలోకి పోతుంది. తమ్ముడొస్తే పోయి అడగడానికి కొడవలూరికైతే బస్సుంది.

"ఆ కాయ ఇంకా ఊగతానే ఉండాది. ఇప్పుడెవరు కాలస్తా ఉండారు దాన్ని?" అంది.

అందరూ తలెత్తారు. కాయ సముద్రం గాలికి తీరిగ్గా రెండంగుళాలు పోయి వచ్చింది. కామాక్షయ్య దాన్ని దించి నాలుగు వైపులా తడిమాడు. ఎక్కడా చిల్లు లేదు. గుండు అరుగు చివర నిలబెట్టిన చాపచుట్టలో, పై మడతలోనే దొరికింది.

"ఒక్క మడత దాటలేదు!" పద్మనాభయ్యకు ధైర్యం వచ్చింది. "నలభై ఇస్తా. అది కూడా నీ మొగం చూసి."

ఆదిశేషమ్మ లోపలికి పోయి గుండ్ల డబ్బా తెచ్చింది. "తేమ తగలనీయొద్దు, అన్నా. శుక్రవారం శుక్రవారం నూనె పెట్టాల" అంది పద్మనాభయ్యతో. గొంతు మామూలుగానే ఉంది. తుపాకీని తుడుస్తున్న కొంగు మాత్రం దాన్ని వదల్లేదు.

చెంచురామయ్య ఇంకా ఆ ధర దగ్గరే ఆగి ఉన్నాడు. "నలభయ్యా?"

"చాప దాటని దానికి అదే ఎక్కువ."

"మా రంగనాయకులు తుపాకీ నలభయ్యా! రేపు వాడొచ్చి, ఎంతకమ్మినావు బావా అంటే, నలభై అని చెప్పాలనా? ఏం మాటలయ్యా ఇవి! అమ్మేది లేదు, పోండి!"

ఊళ్లో ఉన్నన్నాళ్లూ బావమరిదిని పనికిమాలినవాడా అని తప్ప పేరు పెట్టి పిలవని మనిషి అతను. ఆ మాట చెవిన పడగానే ఆదిశేషమ్మ తుపాకీని, గుండ్ల డబ్బాను అటకెక్కించి, మొగుడి మనసు మారేలోగా నిచ్చెనను తీసుకుపోయి దొడ్లో పడేసింది.

పద్మనాభయ్య ఆ వారమే ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి సంపాదించి, కర్రతో వాయిస్తూ చిలకల్ని తోలుకున్నాడు. దాని వేగం ఎంతని కామాక్షయ్యను అడగలేదు.