పట్టభద్రుడి పర్యవేక్షణలో తయారైన బ్యాటరీ

మెట్ల కింద ఏడేళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్న మా ఎలక్ట్రిక్ సైకిల్‌ను తిరిగి విధుల్లోకి తీసుకోవాలని మా కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తీర్మానం జరిగిన సమయానికి దాని మీద మూడు గోనెసంచులు, ఒక విరిగిన కుర్చీ, మొన్నీమధ్యే ఈనిన పిల్లి ఉన్నాయి. పిల్లి ఒక్కటే అసమ్మతి తెలిపింది. దాన్ని మేం నమోదు చేసుకోలేదు.

సైకిల్ నాన్న కొన్నది. ఆయన పోయిన ఏడాదే దాని బ్యాటరీ కూడా పోయింది. అప్పట్లో ఎవరికీ రెండో సంగతి పట్టలేదు.

ఇప్పుడు పట్టించుకోవాల్సి వచ్చింది. మా అమ్మ పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆసుపత్రివారు ఈ మధ్య గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు. ఉదయం ఆరింటికల్లా వేలు పెట్టాలి. ఒక్క నిమిషం దాటినా ఆలస్యం కింద లెక్క. మూడు ఆలస్యాలు పడితే పనిలోంచి తీసేస్తారు. మా వీధి చివరికి మొదటి బస్సు ఆరూ పదికి వస్తుంది. బస్సులవారూ ఆసుపత్రివారూ ఎవరి సమయాన్ని వారు నిక్కచ్చిగా పాటిస్తున్నారు కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. నాలుగు కిలోమీటర్లు, అందులో చివరి సగం ఎత్తు. అమ్మ మోకాళ్లకు మాత్రం సమయపాలన లేదు. అప్పటికే రెండు ఆలస్యాలు పడ్డాయి. ఇంట్లో స్థిరమైన ఉద్యోగం ఉన్నది ఆమెకే. నాకు డిగ్రీ ఉంది.

ఆ డిగ్రీ కూడా విద్యుత్తులోనే. బ్యాటరీ గురించి ఎనిమిది మార్కులకు రాయమంటే పదహారు మార్కులకు రాయగలను, బొమ్మతో సహా. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ని నేనే గనుక, కరెంటుకు సంబంధించిన వ్యవహారాలన్నీ ఇంట్లో నా శాఖకే అప్పగించారు. బల్బు మాడిపోతే ముందు నాకు చెబుతారు. నేను తలెత్తి చూసి, మాడిపోయిందని ధ్రువీకరిస్తాను. అప్పుడు చెల్లి మారుస్తుంది.

చెల్లి గురించి రెండు ముక్కలు. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, ఆరేళ్లుగా లాప్‌టాప్‌లు బాగుచేసే షాపులో పనిచేస్తోంది. బ్యాటరీల గురించి ఆమెకు ఏమీ తెలియదు. వాటిని తయారుచేయడం మాత్రం వచ్చు.

పునరుద్ధరణ ఒక ఆదివారం మొదలైంది. వాకిట్లో నాకు కుర్చీ వేశారు. పక్కనే ఉన్న స్పానర్ అందిద్దామని వంగితే అమ్మ ఊరుకోలేదు.

"నువ్వు ముట్టుకోకు బాబూ. ఆ చేతులు మసి చేసుకోడానికా నేను పందొమ్మిదేళ్లు సబ్బునీళ్లలో చేతులు నానబెట్టింది?"

వెనక్కి జరిగి కూర్చున్నాను. తల్లి మాట జవదాటడం నాకు అలవాటు లేదు. చెల్లి గొలుసును కిరోసిన్‌లో నానేసింది. తుప్పు గీకింది. బ్రేకు తీగలు మార్చింది. ఎలుకలు కొరికిన వైర్లను రంగుకు రంగు చూసి అతికింది. వెనక చక్రంలో మోటారును చేత్తో తిప్పి, చెవి పెట్టి విని, "ఇది బతికే ఉంది" అంది. ఆఖర్న బ్యాటరీ పెట్టె విప్పింది. రుబ్బురోలంత బరువు, నాలుగు వైపులా ఉబ్బిపోయి ఉంది.

"అన్నయ్యా, ఇది చచ్చింది."

"అంతర్గత నిరోధం పెరిగింది" అన్నాను.

"అదేలే, చచ్చింది."

"చూశావుటే, వాడు కుర్చీలోంచి లేవకుండానే జబ్బు పేరు చెప్పేశాడు" అంది అమ్మ.

కొత్త బ్యాటరీకి సరుకు చెల్లి షాపులోనే దొరికింది. జనం పారేసిన లాప్‌టాప్ బ్యాటరీలను పగలగొడితే లోపల బొటనవేలంత సెల్లులు ఉంటాయి. ఒకటి పోతే అన్నీ పోయాయని పారేస్తారు. చెల్లి నూటముప్పై సెల్లులు సంచిలో తెచ్చి, ఒక్కోదాన్నీ మీటరుతో చూసి, నింపి, ఖాళీ చేసి, ఎంత పట్టిందో దాని పొట్ట మీద మార్కర్‌తో రాసి, పది రోజుల్లో నలభై ఏరింది. ఆ పది రోజులూ అమ్మ నాలుగింటికే లేచి ఆగి ఆగి నడిచి వెళ్లింది. నాలుగేసి చొప్పున పది వరుసలు పేర్చింది. మోటారుకు కావలసిన ముప్పై ఆరు వోల్టులను ఒక్కో సెల్లు ఇచ్చే మూడు పాయింట్ ఆరుతో భాగిస్తే పది వస్తుందని నేను కాగితం మీద నిరూపించి, కింద సంతకం, తేదీ వేశాను. అప్పటికి ఆమె తొమ్మిదో వరుసకు రేకు అతికిస్తోంది. లెక్కలు రాని మనిషి కదా, అంచనాగా వెళ్లిపోతోంది.

సెల్లుకు ఎక్కువ ఎక్కకుండా, మరీ దిగిపోకుండా కాపలా కాసే చిన్న బోర్డు ఒకటి పెట్టింది. బయటికొచ్చే తీగకు ఫ్యూజు పెట్టింది. పాత ఛార్జర్ వేరే రకం బ్యాటరీది, పైగా దాని ప్లస్సు మైనస్సూ తిరగబడి ఉన్నాయని, షాపు నుంచి నల్ల డబ్బాలాంటి ఛార్జర్ తెచ్చింది. అట్టముక్క మీద మార్కర్‌తో ఇలా రాసి గోడకు అంటించింది: "అమ్మా, నల్ల డబ్బాతోనే పెట్టు. పాతది పెట్టావంటే ఫ్యూజు ఎగిరిపోయి బండి చస్తుంది."

సోమవారం నుంచి శనివారం దాకా అమ్మ రోజూ ఐదూ నలభై ఎనిమిదికి ఆసుపత్రి గేటు దగ్గర ఉంది. "ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో చెయ్యేసి తోస్తున్నట్టుందే" అని చెల్లితో అంది. తర్వాత గుర్తొచ్చి నా వైపు తిరిగి, "చల్లగా ఉండు బాబూ" అంది.

ఇంతటి విజయం నాలుగు గోడల మధ్య ఉండిపోకూడదని మా మేనమామ భావించారు. ఆయన కాలనీ సంఘం అధ్యక్షులు. అంతకుముందు కుళాయికి, రెండు చెత్తకుండీలకు, ఒకసారి ఎప్పట్నుంచో పారుతున్న కాలవకు కూడా ప్రారంభోత్సవం చేసిన అనుభవం ఉంది. ఆదివారం సాయంత్రం నాకు సన్మానం ఖరారైంది.

పెద్దలు వస్తున్న ఇల్లు ఎలా ఉండాలో చదువుకున్నవాడిగా నాకు తెలుసు. గోడ మీద ఆ అట్టముక్క, ఆ చావు మాటలు చూస్తే ఏమనుకుంటారు? తీసేశాను. దాని స్థానంలో కంప్యూటర్లో అచ్చువేయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించిన ప్రకటన పెట్టాను: "పూర్వపు విద్యుదావేశక సాధనమును నూతన ఘటమాలికకు అనుసంధానించుట నిషిద్ధము. అతిక్రమించిన యెడల రక్షక తంతువు ద్రవీభవించును." ఆ నల్ల డబ్బా కూడా చూపులకు బాగాలేదు. దాన్ని మంచం కిందికి తోసి, బంగారు అక్షరాలతో కంపెనీ పేరున్న పాత ఛార్జర్‌ను తుడిచి, ప్రకటన కిందే షెల్ఫులో అలంకరించాను.

మావయ్య ప్రకటనను రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నారు. "ఇదీ చదువంటే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

అమ్మ కూడబలుక్కుని చదువుతుంది. 'విద్యుదా' దగ్గర రెండుసార్లు ఆగి, "ఏమని రాశావు బాబూ?" అని అడిగింది.

"జాగ్రత్తలమ్మా" అన్నాను. సంతృప్తిగా తలూపింది.

సభలో మావయ్య నలభై నిమిషాలు మాట్లాడారు. "ఈ కుర్రవాడు చేసింది బ్యాటరీ కాదు, జాతి భవిష్యత్తు. నలభై సెల్లులు కలిస్తే బండి నడిచింది. నలుగురం కలిస్తే కాలనీ నడవదా? అందుకే సంఘం ఎన్నికలు ఈ ఏడాది కూడా అవసరం లేదని మనవి చేస్తున్నాను." చప్పట్లు. షాపు నుంచి నేరుగా వచ్చి టీ కప్పులు అందిస్తున్న చెల్లిని ఆపి, "అన్నను చూసి నేర్చుకోవమ్మా" అన్నారు.

"నేర్చుకుంటూనే ఉన్నా మావయ్యా. ఇంట్లో కుర్చీ ఒకటే ఉంది, ఖాళీ అవట్లేదు" అంది చెల్లి. ఆమెకు సభా మర్యాద ఇంకా అలవడలేదు.

అందరూ వెళ్లాక అమ్మ ఛార్జింగ్ పెట్టింది. ప్రకటన కింద ఏ డబ్బా ఉందో ఆ డబ్బాతోనే పెట్టింది. చిన్నగా 'టప్'మంది. ఛార్జర్ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆకుపచ్చ అంటే మంచిదేనని చదువు రానివాళ్లకీ తెలుసు. చెల్లి కప్పులు కడుగుతోంది. నేను పూలగుచ్ఛాన్ని నీళ్లలో పెడుతున్నాను.

సోమవారం ఐదూ పదిహేనుకు, బయల్దేరే వేళకు ముందే మీట వేసి చూస్తే, బండి కదల్లేదు. కరెంటు వ్యవహారం కనుక నిబంధన ప్రకారం ముందు నన్ను లేపారు. కుర్చీ వేయించుకుని కూర్చుని, సమస్యను మూలాల నుంచి పరిశీలించడం మొదలుపెట్టాను. విద్యుత్ ప్రవాహం లేదు, ఇది మొదటి నిర్ధారణ. లేకపోవడానికి ఆరు కారణాలు ఉండవచ్చు. నాలుగో కారణం వివరిస్తుండగా అమ్మ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. "బాబూ, టైమవుతోంది" అంది. తొందరపాటు శాస్త్రానికి పనికిరాదని మృదువుగా చెప్పాను. ఆ చప్పుడుకు లేచొచ్చిన చెల్లి షెల్ఫు చూసింది, గోడ చూసింది, నన్ను చూసింది. కొత్త ఫ్యూజు వేయడానికి ఆమెకు మూడు నిమిషాలు పట్టింది. నా పరిశీలనకు ముప్పై ఒకటి పట్టింది.

అమ్మ ఆరూ నాలుగుకు వేలు పెట్టింది.

విచారణ చాలా న్యాయంగా జరిగింది. అధికారి కుర్చీ కూడా చూపించారట. ఏం జరిగిందని అడిగితే అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "మా అమ్మాయి రాసింది అర్థమయ్యేది సార్. మా అబ్బాయి రాసింది చాలా బాగుంది." అధికారి అది రాసుకుని, కింద ఇలా జోడించారు: "సదరు ఉద్యోగినికి లిఖితపూర్వక సూచనలు గ్రహించు సామర్థ్యము లేదు." పందొమ్మిదేళ్ల సేవకు సంస్థ తరఫున అభినందించి, ఆ రోజు నుంచే సెలవిచ్చారు.

ఖాళీ అయిన ఉద్యోగానికి వారంలోగా ప్రకటన వచ్చింది. ఉతికే మిషన్ కొత్తది, దానికి మూడు మీటలున్నాయి కనుక, ఇకపై డిగ్రీ తప్పనిసరి అన్నారు. నలభై ఒక్కమంది పట్టభద్రులం రాతపరీక్షకు కూర్చున్నాం. బ్యాటరీ మీద ప్రశ్న వచ్చింది. నాకే మొదటి ర్యాంకు. మావయ్య మరో సభ ఏర్పాటు చేశారు.

చేరే ముందు రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి పని చెప్పింది. ఆపరేషన్ గదుల బట్టలు విడిగా వెయ్యాలి. నెత్తురు మరక చన్నీళ్లలోనే తియ్యాలి, వేన్నీళ్లు తగిలాయా ఇక పోదు. తడి దుప్పటి ఒక్కడివే ఎత్తకు, నడుం పడుతుంది. ఇవేవీ ప్రశ్నపత్రంలో రాలేదు గనుక నేను అంతగా రాసుకోలేదు.

కాలనీలో ఇప్పుడు ఏడుగురు తమ పాత బండ్లకు బ్యాటరీలు కావాలని నా దగ్గరికి వచ్చారు. నా పర్యవేక్షణలో చెల్లి చేస్తోంది.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం వచ్చింది. చదువు పాడవుతుందని నాకు చిన్నప్పుడు సైకిల్ నేర్పలేదు. కాబట్టి తెల్లవారుజామున అమ్మే తొక్కుతుంది, నేను వెనక క్యారియర్ మీద కూర్చుంటాను. ఎత్తు దగ్గర మోటారు కాస్త ముక్కుతుంది, అమ్మ పెడలు వేసి సాయం చేస్తుంది. ఎండైనా వానైనా ఐదూ నలభై ఎనిమిదికి గేటు దగ్గర ఉంటాం. అమ్మ అక్కడే ఆగిపోతుంది, లోపలికి అనుమతి లేదు.

మూడు నెలల్లో ఒక్క ఆలస్యం కూడా లేనందుకు మొన్న ఆసుపత్రివారు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. సిబ్బంది అంతా లేచి నిలబడి కొట్టిన చప్పట్లు గేటు దాకా వినబడ్డాయట. లోపల ఎవరికమ్మా ఆ చప్పట్లు అని గేటు దగ్గరున్న అమ్మను వాచ్‌మన్ అడిగాడట.

"రోజూ టైముకొచ్చేవాళ్లకట" అందట అమ్మ, బండి స్టాండు తీస్తూ.